డిక్రీ వచ్చింది సరే, డబ్బేది?

(ఒక న్యాయ కళాశాలలో విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ ఉగ్రవాద వ్యతిరేక చట్టాల నిపుణుడు అన్నారు. అది నిజం కాదు, ముందే చెప్పేస్తున్నా. నేను జిల్లా కోర్టులో సివిల్ వైపు ప్రాక్టీసు చేసేవాణ్ణి. ప్రోనోటు దావాలు, పార్టిషన్లు, ఇంజంక్షన్లు, వాటి వెనకాల ఏళ్ల తరబడి సాగే ఈపీలు, అంటే డిక్రీ అమలు చేయించే పిటిషన్లు, ఇదే నా బతుకు. ఉగ్రవాద కేసులు చూసే ఎన్‌ఐఏ కోర్టు గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదు. మరెందుకు ఒప్పుకున్నావయ్యా అంటే, అమెరికాలో కొందరు తల్లిదండ్రులు తుపాకీ పేల్చినవాణ్ణి వదిలేసి, వాడి సంస్థకు డబ్బు అందించినవాళ్ల మీద సివిల్ దావాలు వేశారు, అచ్చం మనం ప్రోనోటు మీద వేసినట్టే, ప్లెయింటు, జవాబు, సాక్ష్యం, తీర్పు, ఆ తర్వాత వసూళ్ల గోల. ఆ తీర్పులు చదువుతుంటే నాకు మన కోర్టు వరండాయే కనిపించింది. అందుకని వచ్చాను.

ఒక కేసుతో మొదలుపెడతాను. 1996 మే 13. జెరూసలేంకు ఉత్తరాన, వెస్ట్ బ్యాంక్‌లో బేత్ ఎల్ అనే చోట బస్‌స్టాపులో పిల్లలు నిలబడి ఉన్నారు. కారులో వచ్చిన ఇద్దరు కాల్పులు జరిపారు. డేవిడ్ బోయిమ్ అనే పదిహేడేళ్ల అబ్బాయి చనిపోయాడు. అమెరికా పౌరుడు. కాల్చినవాళ్లు హమాస్ మనుషులు. వాళ్లలో ఒకడు మరుసటి ఏడాది ఆత్మాహుతి దాడిలో పోయాడు, ఇంకొకడికి పాలస్తీనా కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. ఇప్పుడు మీరు ఆ తల్లిదండ్రుల లాయరు అనుకోండి. ఎవరి మీద దావా వేస్తారు? చచ్చినవాడి మీదా? జైల్లో ఉన్నవాడి మీదా? డిక్రీ వస్తుంది, ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు.

ఆ లాయర్లు 2000లో షికాగో ఫెడరల్ కోర్టులో దావా వేశారు, అమెరికాలోనే ఉండి విరాళాలు పోగుచేస్తున్న కొన్ని సంస్థల మీద, ఒక వ్యక్తి మీద. ఈ సంస్థలు పోగుచేసిన డబ్బు హమాస్‌కు చేరింది, హమాస్ మా అబ్బాయిని చంపింది, కాబట్టి నష్టపరిహారం కట్టాల్సింది వీళ్లు అని.

దానికి వాళ్లకో చట్టం ఉంది. 1985లో అకిలే లౌరో అనే ఇటలీ ఓడను హైజాక్ చేసి, చక్రాల కుర్చీలో ఉన్న 69 ఏళ్ల అమెరికన్ లియాన్ క్లింగ్‌హోఫర్‌ను కాల్చి సముద్రంలోకి తోసేశారు. ఆయన కుటుంబం పాలస్తీనా విమోచన సంస్థ మీద దావా వేస్తే, అసలు అమెరికా కోర్టులో ఇది నడుస్తుందా లేదా అన్నదాని మీదే ఏళ్లు గడిచాయి. ఆ అనుభవంతో 1992లో ఒక చట్టం తెచ్చారు. అంతర్జాతీయ ఉగ్రవాద చర్య వల్ల నష్టపోయిన అమెరికా జాతీయులు సివిల్ దావా వేయొచ్చు, నష్టానికి మూడింతలు రాబట్టుకోవచ్చు, లాయరు ఫీజు అదనం. మూడింతలు అనగానే ముందు వరసలో ఇద్దరు నోట్సు రాసుకున్నారు, చూశాను.

షికాగోలో జ్యూరీ 2004లో 5.2 కోట్ల డాలర్లు అంది. మూడింతలు కాబట్టి 15.6 కోట్లు. ప్రతివాదులు అప్పీలుకు వెళ్లారు. వాళ్లు లేవనెత్తిన ప్రశ్న ఏ సివిల్ లాయరైనా లేవనెత్తేదే. మేమిచ్చిన డాలరే ఆ తుపాకీ గుండు అయిందని మీరు రుజువు చేశారా? మేమిచ్చింది బడికి, ఆసుపత్రికి, అనాథలకు. 2007లో ముగ్గురు జడ్జీల బెంచి వాళ్ల వాదనలో పస ఉందంది, లంకె సరిగా రుజువు కాలేదని తీర్పు కొట్టేసింది. 2008 డిసెంబరులో అదే కోర్టు పూర్తి బెంచి కూర్చుని దాన్ని తిరగరాసింది. రాసింది జడ్జి రిచర్డ్ పోస్నర్.

ఆయన చెప్పింది మన ఇళ్లలోకి తెచ్చి చెప్తాను. ఒకడు తాగుబోతు. వాడి ఇంట్లో బియ్యం, పప్పు మీరు జాలిపడి పోయించారు. మీరు మందు కొనివ్వలేదు, నిజమే. కానీ బియ్యానికి పోవాల్సిన జీతం మిగిలింది, అది బెల్టు షాపుకు పోయింది. డబ్బుకు పేరు రాసి ఉండదు. ఒక జేబులో వేస్తే రెండో జేబు తేలికపడుతుంది. అందుకని, ఇది హింస చేసే సంస్థ అని తెలిసి, లేదా తెలిసే అవకాశం కళ్లముందున్నా పట్టించుకోకుండా డబ్బిస్తే, ఆ రూపాయి ఏ గుండుగా మారిందో వాది చూపించక్కర్లేదు అన్నారు. మరి డాక్టర్లు? రెడ్ క్రాస్ లాంటివాళ్లు గాయపడినవాడు ఎవరని అడగకుండా కట్టు కడతారు, వాళ్లు సంస్థకు డబ్బివ్వడం లేదు, రోగికి వైద్యం చేస్తున్నారు, కాబట్టి వాళ్లు దీని కిందికి రారని కూడా రాశారు. అదే తీర్పులో కొందరు ప్రతివాదులకు ఊరట దొరికింది, అందరి మీదా డిక్రీ అలాగే నిలవలేదు. కొందరు జడ్జీలు ఈ సూత్రంతో పూర్తిగా ఏకీభవించలేదు, ఇది మరీ వెడల్పు వల అన్నారు. ఆ భయం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నాకూ ఉంది.

సరే, సూత్రం గెలిచింది. డబ్బు వచ్చిందా? ఇక్కడే నాకు మన వరండా గుర్తొచ్చింది. మన దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. షికాగోలోనూ అంతే. డిక్రీ వచ్చేసరికి ఆ సంస్థలు దాదాపుగా మూతపడ్డాయి. వాటిలో ఒకటైన హోలీ లాండ్ ఫౌండేషన్ ఖాతాలను 2001 డిసెంబరులో ప్రభుత్వమే స్తంభింపజేసింది, 2008లో డాలస్‌లో క్రిమినల్ కేసులో శిక్ష కూడా పడింది. మిగతావి ఖాళీ. మన చిట్‌ఫండ్ కంపెనీలు రాత్రికి రాత్రి బోర్డు తిప్పేస్తాయి చూడండి, ఆ పాత సంస్థే కొత్త బోర్డు పెట్టుకుని నడుస్తోందని 2017లో ఆ తల్లిదండ్రులు ఇంకో దావా వేశారు. కొత్త సంస్థవాళ్లు మాకూ వాళ్లకూ సంబంధం లేదన్నారు. కింది కోర్టు మా పరిధి కాదు పొమ్మంది. 2021లో అప్పీలు కోర్టు, కాదు, విచారించాల్సిందే అంది. కొడుకు పోయి అప్పటికి 25 ఏళ్లు.

ఇంకో తండ్రి ఉన్నాడు. స్టీఫెన్ ఫ్లాటో, న్యూజెర్సీలో లాయరు. 1995 ఏప్రిల్‌లో గాజాలో ఒక బస్సు మీద ఆత్మాహుతి దాడిలో ఆయన కూతురు అలీసా చనిపోయింది, ఇరవై ఏళ్ల పిల్ల. ఆ దాడి చేసిన ఇస్లామిక్ జిహాద్ అనే సంస్థకు ఇరాన్ డబ్బిస్తుందని అమెరికా ప్రభుత్వమే అధికారికంగా చెప్పింది. ఈయన ఏకంగా ఇరాన్ ప్రభుత్వం మీద దావా వేశాడు. పరాయి రాజ్యం మీద దావా ఎలా నడుస్తుంది అని అడుగుతారు, అందుకు వీలుగా 1996లో చట్టం మార్పించుకున్నారు. 1998లో తీర్పు వచ్చింది, 24.75 కోట్ల డాలర్లు. ఇరాన్ కోర్టుకు రానే రాలేదు, ఎక్స్‌పార్టీ అన్నమాట, అయినా జడ్జి సాక్ష్యం విన్నాకే తీర్పిచ్చారు.

తర్వాత ఏమైందో వినండి. వాషింగ్టన్‌లో ఇరాన్ పాత రాయబార కార్యాలయం ఆస్తులున్నాయి, వాటిని జప్తు చేయండి అని ఫ్లాటో వెళ్తే, అడ్డం నిలబడింది ఇరాన్ కాదు, అమెరికా ప్రభుత్వం. రాయబార ఆస్తుల జోలికి వెళ్లకూడదని వియన్నా ఒప్పందం ఉంది, రేపు మన ఎంబసీల గతేమిటి అంది. దావా వేసుకోమని చట్టం చేసిందీ వాళ్లే, వసూలుకు వెళ్తే వద్దన్నదీ వాళ్లే! నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. చివరికి 2000లో ఇంకో చట్టం చేసి, ఇలాంటి కొందరికి ప్రభుత్వమే కొంత చెల్లించింది.

ఈపీల్లో మహా ఈపీ ఒకటుంది. 1983 అక్టోబరులో బేరూత్‌లో అమెరికా సైనికుల బారకాసు మీద ట్రక్కు బాంబు, 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ కుటుంబాలు ఇరాన్ మీద డిక్రీలు తెచ్చుకుని ఆస్తుల కోసం వెతుకుతుంటే, న్యూయార్క్‌లో సిటీబ్యాంక్ ఖాతాలో 175 కోట్ల డాలర్ల విలువైన బాండ్ల తాలూకు సొమ్ము దొరికింది. పైకి కనిపించే పేరు ఇరాన్‌ది కాదు, మధ్యలో లగ్జెంబర్గ్ సంస్థ ఒకటుంది, అసలు యజమాని ఇరాన్ కేంద్ర బ్యాంకు బ్యాంక్ మర్కాజీ. మన గార్నిషీ పిటిషన్ లాంటిదే అనుకోండి, బాకీదారు సొమ్ము మూడోవాడి దగ్గరుంటే దాన్ని పట్టుకోవడం. కేసు నడుస్తుండగానే 2012లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, ఫలానా నంబరు కేసులోని ఆస్తులు బాధితులకు ఇవ్వొచ్చు అని. కేసు నంబరు వేసి మరీ చట్టం! 2016లో వాళ్ల సుప్రీంకోర్టు 6-2తో అది చెల్లుతుందంది. కాదన్న ఇద్దరిలో ఒకరు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. ఆయన బాధ ఏంటంటే, నడుస్తున్న కేసులో ఒకరు గెలిచేలా శాసనసభ చట్టం చేస్తే ఇక జడ్జి ఎందుకు అని. నన్నడిగితే ఆ విషయంలో రాబర్ట్స్ పక్షమే నేను. ఆ కుటుంబాలకు డబ్బు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు, కానీ మన ఊళ్లో ఎమ్మెల్యే వచ్చి ఈ ఓఎస్ నంబరు దావా వీళ్లకే డిక్రీ చేయండి అంటే ఊరుకుంటామా?

ఇప్పుడు బ్యాంకుల దగ్గరికి వద్దాం, అసలు సరుకు ఇక్కడే ఉంది. మీలో చాలామంది రేపు ప్రాక్టీసు పెట్టరు, నాకు తెలుసు, హైదరాబాద్ వెళ్లి గచ్చిబౌలిలో ఏదో విదేశీ బ్యాంకు ఆఫీసులో నైట్ షిఫ్టు చేస్తారు, కేవైసీ అంటారు, మనీ లాండరింగ్ అలర్టులు అంటారు. మీరు క్లోజ్ చేసిన అలర్టు కింద రాసిన రెండు లైన్ల నోట్ ఒకరోజు బ్రూక్లిన్ కోర్టులో ఎగ్జిబిట్ కావచ్చు. అందుకే ఈ కేసు చెప్తున్నా.

అరబ్ బ్యాంక్, జోర్డాన్‌లో అతిపెద్ద బ్యాంకు, న్యూయార్క్‌లో బ్రాంచి ఉండేది. 2004లో బ్రూక్లిన్‌లో దాని మీద దావా పడింది. రెండో ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ మీద పాలస్తీనీయుల రెండో తిరుగుబాటు, రోజుల్లో సౌదీలో ఒక కమిటీ, దాడుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు, అందులో ఆత్మాహుతి దాడి చేసినవాళ్ల కుటుంబాలూ ఉన్నాయి, తలా 5,300 డాలర్ల చొప్పున ఈ బ్యాంకు ద్వారా పంచిందని వాదులు చెప్పారు. బ్యాంకు జవాబు ఏంటంటే, మేం మామూలు బ్యాంకు పని చేశాం, ఎవరో పంపారు, ఎవరికో ఇచ్చాం, ఎందుకిచ్చారో అడగడం మా పని కాదు. పైగా చాలా పేర్లు అప్పటికి ఏ నిషేధ జాబితాలోనూ లేవు అని.

మధ్యలో ఒక పెద్ద చిక్కు. ఖాతా పుస్తకాలు తెమ్మని కోర్టు అడిగితే, జోర్డాన్‌లో బ్యాంకు రహస్యాల చట్టం ఉంది, ఇస్తే అక్కడ మాకు జైలు అంది బ్యాంకు. ఆరేళ్లు ఇదే పేచీ. చివరికి 2010లో జడ్జి, సరే మీరు ఇవ్వలేదు కాబట్టి, తెలిసే చేశారని జ్యూరీ అనుకోవచ్చు అని ఆదేశించారు. మన పాత ఎవిడెన్స్ చట్టంలోనూ ఇదుండేది, దాని స్థానంలో 2024లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది, దగ్గరుండీ చూపించని కాగితం చూపిస్తే తనకే నష్టమని కోర్టు అనుకోవచ్చు. క్లాసులో ఈ సెక్షన్, పాత 114, ఇప్పటి 119, చెప్పినప్పుడు నిద్రపోయినవాళ్లు ఇప్పుడు లేవండి.

2014 సెప్టెంబరులో జ్యూరీ బ్యాంకును బాధ్యురాలు అంది, 24 దాడుల విషయంలో. బాధితులు దాదాపు 300 మంది. ఉగ్రవాదానికి ఊతమిచ్చిందని ఒక బ్యాంకు మీద అమెరికాలో పూర్తి విచారణ జరిగి జ్యూరీ తీర్పు రావడం అదే మొదలు. 2015లో రాజీ కుదిరింది. రాజీలో ఒక తెలివైన షరతు ఉంది, అప్పీలులో ఏమైనా ఎంతో కొంత చెల్లింపు ఉంటుందని. మంచిదైంది, ఎందుకంటే 2018లో అప్పీలు కోర్టు జ్యూరీకి చెప్పిన చట్టం తప్పని ఆ తీర్పు రద్దు చేసింది. సంస్థకు డబ్బు చేరవేయడం తప్పే కావచ్చు, అంతమాత్రాన అదే ఉగ్రవాద చర్య అయిపోదు, చర్యకు హింసతో నేరుగా సంబంధం ఉండాలి అని. పదేళ్ల విచారణ, ఒక వాక్యం తేడా. ఆ షరతు లేకపోతే ఆ 300 మంది మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడేవాళ్లు. మీరు ప్రాక్టీసులోకి వస్తే రాజీ డ్రాఫ్టు రాసేటప్పుడు ఈ కేసు గుర్తుపెట్టుకోండి.

ఈలోగా 2016లో ఇంకో చట్టం వచ్చింది, ఒబామా వీటో చేస్తే కాంగ్రెస్ దాన్ని తోసేసి మరీ చేసింది. ఆయన ఎనిమిదేళ్లలో వీటో ఓడిపోయింది అదొక్కసారే. దాడికి తెలిసి గణనీయంగా సాయం చేసినవాళ్ల మీదా దావా వేయొచ్చు అని. దీన్ని పట్టుకుని ట్విట్టర్, గూగుల్, ఫేస్‌బుక్ మీద వెళ్లారు, 2017 కొత్త సంవత్సరం రాత్రి ఇస్తాంబుల్ రైనా నైట్‌క్లబ్‌లో 39 మందిని ఐసిస్ చంపినప్పుడు. ఐసిస్ మీ వేదిక వాడుకుని పెరిగింది అని. 2023లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. అందరికీ తెరిచి ఉన్న సేవను చెడ్డవాడూ వాడుకున్నంత మాత్రాన ఆ ప్రత్యేకమైన దాడిలో నువ్వు చేయి కలిపినట్టు కాదు అంది. నాకు ఈ తీర్పు సబబుగానే అనిపిస్తుంది. లేదంటే కారు అమ్మినవాడు, సిమ్ అమ్మినవాడు, చివరికి కరెంటు ఇచ్చినవాడు కూడా ముద్దాయే.

సిమెంటు కంపెనీ సంగతి మాత్రం వేరు. ఫ్రాన్స్ కంపెనీ లఫార్జ్, ఉత్తర సిరియాలో జలబియా దగ్గర ఫ్యాక్టరీ ఆగకుండా నడవాలని 2013, 2014లో ఐసిస్‌కూ నుస్రా ఫ్రంట్ అనే ఇంకో ఉగ్రవాద సంస్థకూ డబ్బు కట్టింది. లారీలు చెక్‌పోస్టు దాటాలి కదా అని. 2022లో బ్రూక్లిన్ కోర్టులో నేరం ఒప్పుకుని దాదాపు 77.8 కోట్ల డాలర్లు కట్టింది. ఎవరికి? అమెరికా ప్రభుత్వానికి. ఐసిస్ చేతిలో నరకం చూసిన యజీదీలకు, ఇరాక్‌లోని ఒక చిన్న మత వర్గం వాళ్లు, అందులో ఏముంది? నోబెల్ బహుమతి అందుకున్న నాదియా మురాద్‌తో సహా వందలమంది యజీదీ అమెరికన్లు 2023 డిసెంబరులో వేరే సివిల్ దావా వేసుకోవాల్సి వచ్చింది. జరిమానా వేరు, పరిహారం వేరు. ఈ తేడా పట్టుకోండి, ఎందుకంటే మన దేశంలో దాదాపు అంతా మొదటిదే.

మన దగ్గర ఈ పని ఎన్‌ఐఏది. 26/11 తర్వాత 2008లో పుట్టింది. మన ఉగ్రవాద వ్యతిరేక చట్టం యూఏపీఏలో 17వ సెక్షన్, ఉగ్రవాదానికి నిధులు పోగుచేస్తే ఐదేళ్ల నుంచి యావజ్జీవం దాకా, డబ్బు సక్రమంగా సంపాదించిందైనా సరే, చివరికి దాడికి ఖర్చు కాకపోయినా సరే. పోస్నర్ తీర్పులో ఉన్న ఆలోచనే ఇది, కాకపోతే ఆయన చేతిలో ఉన్నది పరిహారం, మన చట్టం చేతిలో ఉన్నది జైలు. కశ్మీర్ వేర్పాటువాద నాయకుడు యాసిన్ మాలిక్‌కు 2022 మేలో ఢిల్లీ కోర్టు యావజ్జీవం వేసింది, అందులో ఈ సెక్షనూ ఉంది. ఆయన నేరం ఒప్పుకున్నాడు. కానీ ఒప్పుకోనివాడి సంగతేంటి? ఇందాక వెడల్పు వల అన్నాను కదా. 2019లో వటాలి కేసులో సుప్రీంకోర్టు, బెయిలు దశలో సాక్ష్యాన్ని లోతుగా తూచకూడదు, పైపైన చూసి ఆరోపణ నమ్మదగ్గట్టు ఉంటే చాలు అంది. అది కూడా నిధుల కేసే. దాంతో బెయిలు దొరకడం గగనమైంది. 2021లో నజీబ్ కేసులో మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం మనిషి జస్టిస్ ఎన్.వి.రమణ ఉన్న బెంచి, విచారణ ఎప్పటికీ తెమలకపోతే రాజ్యాంగ కోర్టులు బెయిలు ఇవ్వొచ్చు అని కొంచెం తలుపు తీసింది. సివిల్ దావాలో ఓడిపోయినవాడు డబ్బు కడతాడు, ఇక్కడ గెలిచేవాడు కూడా ముందు ఏళ్లు జైల్లో కడతాడు. విరాళం ఇచ్చినవాడు ఎంతవరకు తెలిసి ఇచ్చాడు అన్న ప్రశ్న జవాబు కోసం అన్నేళ్లు ఆగుతుంది. అందుకే నాకు సివిల్ దారి మీద మనసు.

మరి మన బాధితులు వేయొచ్చా? దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు, 2013 ఫిబ్రవరి 21, మీలో కొందరు అప్పుడు బడికి వెళ్తూ ఉండుంటారు. క్రిమినల్ కేసులో ఐదుగురికి ఉరి, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. డబ్బు పంపినవాళ్ల మీద సివిల్ దావా వేయాలంటే? కాగితం మీద అడ్డేమీ లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ సెక్షన్ ఉంది, 1855 నాటి ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం ఉంది. కానీ మూడింతలు లేదు, లాయరు ఫీజు మీద హామీ లేదు. అడిగే మొత్తాన్ని బట్టి ముందే కోర్టు ఫీజు కట్టాలి. పరాయి దేశం మీద అయితే 86వ సెక్షన్ కింద కేంద్రం అనుమతి కావాలి. భర్త పోయిన మనిషి ఇవన్నీ దాటుకుని వస్తుందా? కేంద్ర పథకం కింద ఐదు లక్షలు, అంతే. యూఏపీఏలో ఉగ్రవాద సొమ్ము జప్తు ఉంది, అది ప్రభుత్వ ఖజానాకే వెళ్తుంది.

అమెరికా దారి మనవాళ్లకు పనికొస్తుందా అంటే, ఆ 1992 చట్టం వాళ్ల జాతీయులకే, హెచ్1బీ మీద ఉన్న మన పిల్లలకు వర్తించదు. 26/11లో నారీమన్ హౌస్‌లో చనిపోయిన అమెరికన్ల కుటుంబాలు 2010లో బ్రూక్లిన్‌లోనే లష్కర్ మీద, ఐఎస్ఐ మీద వేశాయి. ఐఎస్ఐకి విదేశీ రాజ్య రక్షణ ఉందని అమెరికా ప్రభుత్వమే చెప్పింది, ఆ భాగం కొట్టేశారు. ఫ్లాటో కథే మళ్లీ.

టైమైందని ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ చివర అమ్మాయి, చెప్పమ్మా.

(విద్యార్థిని: సార్, జప్తు చేసిన డబ్బు బాధితులకు ఇప్పించడానికి మన చట్టంలో దారే లేదా?)

మంచి ప్రశ్న, నేను దాటేసిందే పట్టుకున్నావు. ఉంది, కొత్తగా వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో, 107వ సెక్షన్. నేరం వల్ల వచ్చిన ఆస్తి అని కోర్టు తేల్చితే, నష్టపోయినవాళ్లకు దామాషాగా పంచమని జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పొచ్చు, అరవై రోజుల్లో పంచాలి. కానీ చూడు, అది నేరం వల్ల వచ్చిన సొమ్ము. నేరం చేయడానికి ఇచ్చిన సొమ్ము దాని కిందికి వస్తుందా? విరాళం సక్రమంగా సంపాదించిందే అయితే? నేనైతే వస్తుందని వాదిస్తాను, అవతలి లాయరు రాదంటాడు. నిర్వచనం 111వ సెక్షన్‌లో ఉంది, ఇవాళ హాస్టల్‌కు వెళ్లి చదివి, రెండు పక్షాలా వాదన రాసి నాకు పంపు. నా నంబరు మీ ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది.